ఫ్లోరోసిస్ గ్రామాల్లో పీహెచ్‌డీ పరిశోధన: ఏ ప్రశ్నతో వెళ్లాలి, ఫలితాన్ని ఎవరికి అప్పజెప్పాలి?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, నల్గొండ

నేను పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీలో కొత్తగా చేరాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ మీద పని చేయాలన్నది దాదాపు ఖాయమైంది. అది ఎక్కువైన నీరు ఏళ్ల తరబడి తాగితే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే జబ్బే ఫ్లోరోసిస్. ఎండాకాలం ఒకసారి, వానలు వెళ్లాక మరోసారి బోర్ల నుంచి నమూనాలు తీసి, మోతాదు కొలిచి, పటం గీసి, ఆ ప్రాంతపు రాతి స్వభావంతో దానికున్న సంబంధాన్ని చూపడం ఇప్పటికి అనుకున్న ప్రణాళిక. పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలో వెతికితే ఇదే పద్ధతిలో ఇదే జిల్లా మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు చాలానే కనిపిస్తున్నాయి. మండలం పేరు, సంవత్సరం మార్చితే ఒకదాని ముగింపును మరొకదానికి అతికించవచ్చేమో అనిపించేంతగా అవి ఒకేలా ఉన్నాయి.

ప్రాథమిక పరిశీలనకు ఊళ్లలోకి వెళ్లినప్పుడు ఎవరూ నన్ను అడ్డుకోలేదు కానీ, ఎవరూ ఆసక్తి చూపలేదు. ఇప్పటికే ఎంతోమంది వచ్చి నీళ్లు పట్టుకుపోయారనీ, పిల్లల పళ్లకూ వృద్ధుల కాళ్లకూ ఫొటోలు తీసుకుపోయారనీ, తిరిగి వచ్చి ఒక్క కాగితమైనా ఇచ్చినవారు లేరనీ పెద్దలు చెప్పారు. పైగా ఇప్పుడు ఇంటింటికీ ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ నల్లా ఉంది. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతో తెలిసినందువల్ల కొత్తగా ఒరిగేదేమిటని వారు అడిగితే నా దగ్గర సరైన సమాధానం లేదు.

విశ్వవిద్యాలయ పరిశోధన సామాజిక న్యాయానికీ సుస్థిరతకూ తోడ్పడాలని సెమినార్లలో తరచుగా వింటాం. అయితే ఒక సాధారణ పరిశోధకురాలు, పరిమితమైన ఫెలోషిప్‌తో, ఆ మాటను తన పనిలోకి ఎలా తెచ్చుకోవాలి? ఈ ఊళ్లలో ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఏదైనా ఉందా? ఉంటే దానిని ఊరివారితో కలిసి ఎలా రూపొందించుకోవాలి? ఫలితం వారికి ఏ రూపంలో చేరాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1: విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు, దేవరకొండ

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఈ జిల్లా మీద జరిగిన పరిశోధనల్లో ఏది ఊరికి పనికివచ్చిందో, ఏది రాలేదో చూడటం మంచిది. పరిశోధన అంటేనే వ్యర్థమన్న అభిప్రాయానికి మీరు త్వరపడి రాకూడదన్నది నా ఉద్దేశం.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్గొండ పేరు శాస్త్ర ప్రపంచంలో బాగా వినబడింది మాత్రం 1970లలో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన ప్రాంతపు యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే వికృతిని గమనించి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. వారు అక్కడితో ఆగలేదు. ఒకే నీరు తాగే ఊళ్లో కొందరి ఎముకలే ఎందుకు వంగుతున్నాయన్న ప్రశ్న వేసుకుని, ఆహారం వైపు చూశారు. అన్నం తినేవారికంటే జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నదనీ, కాల్షియం కొరత ఉన్న చోట వికృతి తీవ్రమవుతున్నదనీ వారి పరిశీలనలు సూచించాయి. నాగార్జునసాగర్ కట్టిన తర్వాత భూగర్భ జలమట్టం పెరిగి, నేలలోని సూక్ష్మ మూలకాల సమతుల్యం మారి, మాలిబ్డినం వంటివి ఆహారంలో ఎక్కువ కావడం కూడా ఒక కారణం కావచ్చునన్న వాదన కూడా అప్పటిదే. అదే సంస్థవారు తర్వాత బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో చింతపండు తీసుకున్నప్పుడు మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు గుర్తించారు. మన ఇళ్లలో రోజూ కాచే చారుకు ఇంతటి విలువ ఉందని చెప్పిన ఆ పరిశోధన ఊళ్లలో ఎంతమందికి తెలుసునో మీరే అడిగి చూడండి.

ఇక నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తీసే నల్గొండ పద్ధతి సంగతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన ఈ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు కలిపి బాగా కలియబెట్టి తేరనిస్తారు. పటికనుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్ద ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. సామాన్లు ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, కరెంటు అక్కర్లేదు. అందుకే అది తూర్పు ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. అయినా మన ఇళ్లలో నిలవలేదు. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టీ, క్షారత్వాన్ని బట్టీ మారుతుంది కనుక ప్రతి బోరుకూ వేరుగా లెక్క కట్టాలి. ఎక్కువైతే నీటి రుచి మారుతుంది, అల్యూమినియం మిగిలిపోతుంది. అడుగున మిగిలే బురదను ఎక్కడ పారబోయాలో ఎవరూ చెప్పలేదు. కూలికి పోయి పొద్దుగూకాక ఇంటికి చేరే మనిషి రోజూ బిందెడు నీళ్లకు ఈ తతంగమంతా చేయాలని ప్రయోగశాలలో అనుకోవడం సులువు. రసాయన శాస్త్రంగా అందులో తప్పు లేదు. ఆ పని ఎవరి చేతుల మీద జరగాలో, వారికి తీరిక ఉందో లేదో ఆలోచించకపోవడమే లోపం.

మీ ప్రణాళిక విషయానికి వస్తే, మన గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయనీ, కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో అది ఎక్కువగా కరుగుతుందనీ ఎప్పుడో తేలిపోయింది. దాన్నే మళ్లీ తేల్చడానికి మీ వయసును ఖర్చు చేయకండి. కొలత మాత్రం నేర్చుకోండి, శ్రద్ధగా నేర్చుకోండి. రంగు పోల్చే కిట్టుతో తీసిన లెక్కను ప్రాథమిక సూచనగానే చూసి, ఫ్లోరైడ్‌ను నేరుగా కొలిచే అయాన్ ఎలక్ట్రోడ్ పరికరంతో సరిచూసుకోవాలి. ప్రతి పదింటిలో ఒక నమూనానైనా వేరే ప్రయోగశాలకు పంపి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకోవాలి. కొలత తప్పితే మీ సామాజిక న్యాయం ఎవరికీ అక్కరకు రాదు.

సమాధానం 2: రైతు, మర్రిగూడ మండలం

అక్కా, మా ఊరివాళ్లకు ఆసక్తి లేదని మీరు రాశారు. ఆసక్తి లేక కాదు, విసుగు వచ్చి. ఈ నీళ్ల కోసం మా పెద్దలు చేయని పని లేదు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి, ఎన్నికల సంఘం పుస్తకమంత బ్యాలెట్టు అచ్చు వేయవలసి వచ్చిన సంగతి మీరు వినే ఉంటారు. గెలుద్దామని కాదు, జలసాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ మాట దేశానికి వినబడాలని నామినేషన్లు వేశారు. కృష్ణా నీళ్లు మా జిల్లాలోని కోదండపూర్‌లో శుద్ధి అయి, మా మండలాల మీదుగా పెద్ద పైపుల్లో హైదరాబాద్‌కు పోతుంటే, ఆ పైపుల పక్కనే బోరింగు కొట్టుకుని విషం తాగిన ఊళ్లు మావి. కనుక సమస్య మీద మాకు అవగాహన లేదని అనుకుని అవగాహన సదస్సు పెట్టడానికి మాత్రం రావద్దు.

మీరు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానం ఒకటుంది. 2015లో చౌటుప్పల్‌లో భగీరథ పైలాన్ వేశారు, తర్వాత కొన్నేళ్లకు మా ఇళ్లకు నల్లాలు వచ్చాయి. ఆ నీళ్లు మంచివే. దీన్ని కాదనేవాళ్లు మా ఊళ్లో లేరు. అధికారుల లెక్కలో మా ఊరి ఫ్లోరైడ్ అక్కడితో ముగిసింది. కానీ నల్లా ఇంట్లో ఉంది, మనిషి పగలంతా చేన్లో ఉంటాడు. పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్లు పొద్దున ఎనిమిదింటికి పోతే సాయంత్రం ఆరింటికి వస్తారు. వెంట తీసుకుపోయిన లీటరు సీసా మధ్యాహ్నానికే అయిపోతుంది. తర్వాత తాగేది చేను బోరు నీళ్లే. పైపు పగిలినా, మోటారు కాలినా రెండు మూడు రోజులు ఊరంతా మళ్లీ పాత బోరుకే పోతుంది. క్యాన్ కొనగలిగినవాళ్లు ఫిల్టరు నీళ్లు తెచ్చుకుంటారు, కొనలేనివాళ్లు బోరింగు దగ్గరికి పోతారు. ఆ ఫిల్టరు ప్లాంటు వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుందట కదా, అది మురికి కాల్వ వెంబడి ఏ కుంటలోకి పోతుందో కూడా ఎవరూ చూడటం లేదు.

ఇప్పటిదాకా వచ్చినవాళ్లందరూ ఊరి నీళ్లలో ఎంత ఉందని కొలిచారు. ఎవరు ఎక్కడ ఏ నీళ్లు తాగుతున్నారని ఎవరూ అడగలేదు. భూమి ఉన్న ఆసామి మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం తిని నల్లా నీళ్లు తాగి పోతాడు. కూలికి వచ్చిన ఎస్సీ కాలనీ ఆడమనిషికి ఆ వీలు లేదు. ఒకే ఊళ్లో ఒకరికి ఫ్లోరైడ్ పోయింది, ఒకరికి పోలేదు. మీరు ఈ సంగతి తేలిస్తే మేము పట్టుకుని తిరగడానికి ఒక కాగితం ఉంటుంది.

ఇంకో మాట. ఫొటోలు వద్దు. మా మేనత్త ఫొటో ఎవరో తీసుకుపోతే ఎక్కడెక్కడో అచ్చయింది. ఆమె బతికినన్నాళ్లు ఎవరింటికైనా పోతే ఆ ఫొటో మాటే తీసేవాళ్లు.

సమాధానం 3: సమాజ శాస్త్ర ఉపన్యాసకురాలు, మహబూబ్‌నగర్

పై సమాధానంలో రైతు సోదరులు ఒక పూర్తి పరిశోధన ప్రశ్నను ఉచితంగా ఇచ్చేశారు. చాలామంది దీనికోసమే ఏడాదిపాటు గ్రంథాలయంలో కూర్చుంటారు. దానికి నేను చేర్చగలిగింది పద్ధతికి సంబంధించినది.

మొదటిది, ఊరిలో ఎవరు దొరుకుతారన్న సమస్య. మా పాలమూరులో సర్వేకు వెళ్లిన విద్యార్థులు తరచుగా తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటికి వెళతారు. ఆ తాళం వేసిన ఇల్లే వలసపోయిన ఇల్లు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయికో పుణెకో పోయిన కుటుంబం వానాకాలం పంట పని ముగిశాక వెళ్లి మళ్లీ తొలకరికి గానీ తిరిగి రాదు. ఎండాకాలంలో చేసిన సర్వేలో ఊళ్లోని అత్యంత పేద కుటుంబాలు లేకుండానే ఊరి సగటు లెక్క వస్తుంది. దేవరకొండ వైపు తండాల్లోనూ ఇదే పరిస్థితి. కనుక ఇళ్ల జాబితా ముందే తయారు చేసుకుని, తాళం ఉన్న ఇంటికి రెండో రుతువులో మళ్లీ వెళ్లే ఏర్పాటు మీ ప్రణాళికలోనే ఉండాలి. వలసపోయిన చోట వారు ఏ నీరు తాగుతారన్నది కూడా మీ లెక్కలోకి రావాలి, ఏడాదిలో సగభాగం వారి ఒంట్లోకి వెళ్లేది ఆ నీరే కనుక.

రెండవది, అంగీకారం. మూత్ర నమూనాలు తీసుకున్నా, పిల్లల పళ్లు పరీక్షించినా అది మనుషుల మీద జరిగే పరిశోధన అవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం నైతిక పరిశీలనా సంఘం ఆమోదం తప్పనిసరి. మీ విభాగం నీటి నమూనాలకు అలవాటుపడినది కావడంతో ఈ సంగతి ఎవరూ గుర్తు చేయకపోవచ్చు. అంగీకార పత్రాన్ని ఇంగ్లిషు నుంచి అనువదించి వేలిముద్ర వేయించుకుంటే అది అంగీకారం కాదు. తండాలోని ముసలమ్మకు లంబాడీ మాటలో, అదే తండాకు చెందిన చదువుకున్న అమ్మాయి చేత చెప్పించండి. కాదనే హక్కు ఉందని చెప్పడమే కాదు, కాదన్నవారికి పింఛను, రేషను ఏదీ ఆగదని కూడా చెప్పండి. చేతిలో ఫైలుతో వచ్చిన ప్రతి మనిషీ ప్రభుత్వం మనిషేనని ఊరు అనుకుంటుంది.

మూడవది చిక్కు విషయం. ఊరి పేరు రాయాలా వద్దా? రాస్తే నిధులు, అధికారుల దృష్టి రావచ్చు. రాస్తే ఆ ఊరి పిల్లకు సంబంధాలు తప్పిపోవచ్చు కూడా. పళ్ల మీద గార ఉన్న అమ్మాయిని చూసి వెళ్లినవారు మళ్లీ కబురు చేయకపోవడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. దీనిని మీరో మీ గైడో నిర్ణయించే బదులు గ్రామసభలో పెట్టండి. అందులోనూ జాగ్రత్త అవసరం: గ్రామసభలో వినబడేది ఎక్కువగా మైకు దగ్గర ఉన్నవారి గొంతు. కాలనీలో ఆడవాళ్లతో విడిగా కూర్చుని అడిగితే వేరే జవాబు రావచ్చు. ఊరి పేరుతో కూడిన వివరాలు పంచాయతీకీ మండలానికీ ఇచ్చి, పత్రికలో అచ్చయ్యే వ్యాసంలో గుర్తు సంఖ్యలు మాత్రమే వాడటం ఒక మధ్యేమార్గం.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు ఇంకొకటి గమనించండి. 2016లో ఉమ్మడి నల్గొండ మూడు జిల్లాలుగా విడిపోయింది. మర్రిగూడ నల్గొండలో ఉంటే, దానికి సమీపంలోని సంస్థాన్ నారాయణపురం యాదాద్రి భువనగిరిలో పడింది. జిల్లా సగటును పట్టుకుని "తగ్గింది" అని రాసేవారు, తగ్గినది ఫ్లోరైడా లేక జిల్లా సరిహద్దా అన్నది చూసుకోవడం లేదు.

సమాధానం 4: పరిశోధన పర్యవేక్షకుడు, హైదరాబాద్ (స్వస్థలం నకిరేకల్)

పై సమాధానాల్లోని సదుద్దేశాన్ని గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. పీహెచ్‌డీకి నిబంధనల ప్రకారం కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 6 సంవత్సరాలు. ఒక విద్యార్థిని అందులో నీటి రసాయనం, ఎముకల వైద్యం, వలస, కులం, గ్రామసభ అన్నీ మోయలేదు. మోయాలని చూసినవారు మధ్యలో వదిలేసి వెళ్లడం నేను చూశాను. సమాజానికి సేవ చేయాలన్న తపన పరిశోధన ప్రశ్నను పలచన చేస్తే చివరకు ఊరికీ శాస్త్రానికీ రెండింటికీ నష్టమే. పైగా ఊరివారి పక్షాన నిలబడి చేసిన కొలత అనే ముద్ర పడితే, రేపు అధికారులు ఆ లెక్కను పక్కకు నెట్టడం చాలా తేలిక.

ప్రశ్నను ఇరుకు చేసుకోండి. నా సూచన ఇది. పంటి పింగాణీ చిన్నతనంలోనే, దాదాపు ఎనిమిదేళ్ల వయసులోపు ఏర్పడుతుంది. ఆ వయసులో తాగిన నీటి జాడ శాశ్వత దంతాల మీద జీవితాంతం ఉంటుంది. నల్లా నీరు రాకముందు పుట్టి పెరిగిన అక్క లేదా అన్న, వచ్చాక పుట్టిన చెల్లి లేదా తమ్ముడు ఒకే ఇంట్లో ఉంటారు. తల్లిదండ్రులు, వంట, ఇంటి స్థితి దాదాపు ఒకటే. చిన్నవారికి ముందు పళ్లు, మొదటి దవడపళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వస్తాయి. నీరు వచ్చిన తర్వాత పుట్టినవారు ఇప్పుడిప్పుడే ఆ వయసుకు చేరుతున్నారు. పళ్ల మీద ఫ్లోరోసిస్ తీవ్రతను కొలిచే డీన్ సూచిక ప్రకారం తోబుట్టువుల జంటలను పోల్చితే భగీరథ నీరు పిల్లల ఒంటికి ఎంతవరకు చేరిందో నేరుగా తెలుస్తుంది. పరీక్షించే దంతవైద్యునికి ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఎలాగూ తెలుస్తుంది కనుక, పళ్ల ఫొటోలను మాత్రమే, పేర్లు లేకుండా, ఇద్దరు వైద్యులకు విడివిడిగా ఇవ్వాలి. ముఖం పడని ఫొటోకు ఊరివారు అభ్యంతరం చెప్పకపోవచ్చు, అయినా అడగండి. టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్‌ను, పిల్లలు దాన్ని మింగే అలవాటును కూడా నమోదు చేయాలి.

ఈ పని ఏ పక్షానిదీ కాదు. నీరు బాగా చేరితే అది ప్రభుత్వానికి మంచి సాక్ష్యం. చేరకపోతే ఊరికి సాక్ష్యం.

సమాధానం 5: ఆరోగ్య కార్యకర్త, చండూరు

పిల్లల సంగతి అందరూ చెప్పారు. ఇప్పటికే నడుము, మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్ల గురించి ఎవరూ ప్రస్తావించలేదు. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ మంచినీళ్లు వచ్చినంత మాత్రాన వెనక్కి పోదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఫ్లోరోసిస్ అని విడిగా ఏదీ లేదు. చలన సంబంధ వైకల్యం కిందనే చూస్తారు. పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు వైద్య శిబిరంలో ఇచ్చే ధ్రువీకరణ పత్రం కావాలి. కాలు వంకర కళ్లకు కనిపిస్తుంది కనుక శాతం వస్తుంది. మెడ తిప్పలేకపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం, రాత్రంతా కీళ్ల సలుపు, ఇవి శాతంగా మారడం కష్టం. శిబిరానికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చినవాళ్లు నేను పనిచేసే ఊళ్లలో ఉన్నారు.

మేడమ్ చేసే పనిలో ఇది ఒక అధ్యాయంగా రాకపోయినా, ఇంటింటికీ తిరిగేటప్పుడు ఈ వివరం విడిగా రాసి పెడితే మేము దానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇవ్వగలం. వాళ్లకు చెప్పవలసిన మాటలు కూడా కొన్ని ఉన్నాయి. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి తెలియని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాలు, పెరుగు, మునగాకు, చింతపులుసు వాడమనండి. నల్ల ఉప్పు, పాలు లేని టీ తగ్గించమనండి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చు వేసి నమూనా తీసుకున్న ప్రతి ఇంట్లో ఇచ్చినా చాలు, మీరు ఉత్త చేతులతో వెళ్లినట్టు కాదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: పరిశోధక విద్యార్థిని, నల్గొండ

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా సమాధానాలు వస్తాయని నేను ఊహించలేదు.

నాలుగో సమాధానంలోని హెచ్చరిక సరైనదే. అయితే తోబుట్టువుల పళ్ల పోలిక ఇంట్లో తాగే నీటి గురించే చెబుతుంది. చేన్లో తాగే నీటి మాట దానిలో బయటపడదు, చిన్నపిల్లలు ఎక్కువగా ఇంటి దగ్గరే ఉంటారు కనుక. రైతు అన్న చెప్పినది వేరే మనుషుల గురించి. నాకున్న వనరులతో ఒక్కటే చేయగలనంటే నేను రెండోదానివైపే మొగ్గుతున్నాను. కారణం స్థూలంగా ఇది. ఎండలో పనిచేసే మనిషి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మూడు లీటర్లు తాగిందనుకుంటే, ఆ చేను బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటే, నల్లా నీరు ఎంత మంచిదైనా ఆ పూటకే 12 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్లినట్టు. పెద్దవారికి రోజుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని పోషకాహార నిపుణులు సాధారణంగా చెబుతారు. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. ఆ ప్రమాణాలను తాగునీటి పథకాల నీటికి వర్తింపజేస్తారు. సాగు బోరును ఎవరూ తాగునీటి వనరుగా నమోదు చేయరు కనుక అది ఏ పరీక్షా పట్టికలోనూ ఉండదు.

అందుచేత ఇలా అనుకుంటున్నాను. రెండు మూడు ఊళ్లలో, భూమి ఉన్న ఇళ్ల నుంచీ కూలి ఇళ్ల నుంచీ ఆడవాళ్లను, మగవాళ్లను తీసుకుని, వారు ఒక పనిరోజున ఎక్కడెక్కడ ఎంత నీరు తాగారో నమోదు చేసి, ఆయా చోట్ల నీటిని, మరుసటి ఉదయపు మూత్ర నమూనాను కలిపి కొలవడం. దీనితో నల్లా వచ్చాక కూడా ఫ్లోరైడ్ ఎవరి ఒంట్లోకి వెళుతున్నదో, అది కులంతో, భూమితో, ఆడ మగ తేడాతో ఎలా ముడిపడి ఉందో చూడవచ్చు. తోబుట్టువుల అధ్యయనం దంతవైద్య కళాశాలలోని విద్యార్థులెవరైనా చేపడితే ఊళ్ల జాబితా పంచుకోవడానికి నేను సిద్ధం. మా విభాగంలో నైతిక సంఘం విషయం అడిగాను. ఇంతవరకు అక్కడ దాని అవసరం రాలేదట. వేరే సంస్థ సంఘం ద్వారా వెళ్లే వీలుందేమో చూస్తున్నాను.

ఎవరి ఫలితం వారికి తెలుగులో కాగితం మీద ఇస్తాను. ఒక సందేహం మాత్రం మిగిలింది. ఒకరి మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని చెప్పి, వేరే నీరు చూపించలేకపోతే, ఆ కాగితం వారికి భయం తప్ప ఏమిస్తుంది? అలాగే పనిరోజు నమోదుకు ఏ నెల సరైనదో రైతు అన్న చెప్పగలరా?

సమాధానం 6: సమాజ శాస్త్ర ఉపన్యాసకురాలు, మహబూబ్‌నగర్

మీ సందేహం న్యాయమైనది. కాగితాన్ని ఒక్కొక్కరి చేతిలో పెట్టి వెనుదిరగకండి. ఆ ఫలితాలను పేర్లు లేకుండా, చేను బోర్ల వారీగా ఒక పట్టికగా చేసి పంచాయతీలో పెట్టండి. ఏ బోరు నీరు తాగకూడదో తెలిస్తే, దానికి దగ్గర్లో తక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరు ఏదో కూడా అదే పట్టికలో తెలుస్తుంది. పక్కపక్క బోర్లలోనే పెద్ద తేడా ఉండటం మన రాతి నేలల్లో సాధారణం. కూలికి పిలిచిన రైతు నల్లా నీళ్లు డ్రమ్ములో చేను దాకా తేవాలన్న కట్టుబాటు ఊరు పెట్టుకోగలిగితే పెద్ద ఖర్చు కూడా కాదు. ఆ ప్రతిపాదన మీ నోటి నుంచి రాకూడదు. పట్టిక చూసి కూలి ఆడవాళ్లే అడగాలి, వారు అడిగే వేళకు అంకెలు వారి చేతిలో ఉండాలి.

సమాధానం 7: రైతు, మర్రిగూడ మండలం

అక్కా, దసరా దాటాక రండి. పత్తి మొదటి ఏరుడు అప్పుడు మొదలవుతుంది, దీపావళి దాకా ఎండ కూడా గట్టిగానే ఉంటుంది. సంక్రాంతి తర్వాత వస్తే కూలీలు సగంమంది పట్నం పోయి ఉంటారు. పొద్దున ఎనిమిదింటికి ముందు కాలనీ చావడి దగ్గర ఉంటే, ఆటో ఎక్కేముందే అందరినీ కలవవచ్చు. చేన్లోకి మీరు కూడా వెంట పోతేనే లెక్క సరిగ్గా వస్తుంది. ఎన్ని చెంబులు తాగారని సాయంత్రం అడిగితే ఎవరికీ గుర్తుండదు. మా చేను బోరు కూడా పట్టికలో రాయండి. ఆ నీళ్లు కూలీలకు తాగడానికి ఇచ్చేది మేమే కనుక అది ముందు తేలాలి. డ్రమ్ము సంగతి పంచాయతీలో వచ్చినప్పుడు మా ఇంట్లోనే మొదట వాదన అవుతుంది, దానికి నేను సిద్ధంగా ఉన్నాను.